గాలి తొట్టిలో ప్రాణం

ఆ ఉదయం, మురుగులోకి గాలి ఊదే గాలి తొట్టి మీద నురగ తెల్లగా, సబ్బు నురగలా పొంగింది. రోజూ వచ్చే తడిమట్టి వాసన లేదు. శుద్ధి కేంద్రంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమెకు ఆ మాత్రం చాలు. ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఊరి మురుగంతా తిని నీటిని తేటపరిచే సూక్ష్మజీవులు నిన్నటిదాకా సంతలో జనంలా మెసిలేవి. ఇప్పుడు ఒక్కటీ కదల్లేదు.

"ఎవరో విషం వదిలారు సార్," అంది ఇంజనీరుతో.

"ఎవరో కనుక్కో. మురుగును ఖాళీ తొట్టిలోకి మళ్లిస్తాను. రెండు రోజులకు మించి ఆగదు," అన్నాడాయన.

యాసిడ్ తగిలితే ఎర్రబడే నీలి లిట్మస్ కాగితాలు జేబులో వేసుకుని బయల్దేరింది. మ్యాన్‌హోల్ మూత తీయించడం, తాడుకు కట్టిన డబ్బా దించడం, కాగితం ముంచడం. ఎర్రబడిన వైపల్లా నడిచింది. చివరి మూత దగ్గర తలెత్తి చూస్తే ఎదురుగా అన్నయ్య వర్క్‌షాపు. తలుపు గడియలకు నికెల్ పూత వేసే చోటు. నాన్న పోయాక తన చదువు మానుకుని ఆమెను చదివించింది ఆ అన్నయ్యే.

"యాసిడ్ తొట్టి ఖాళీ చేశావా?" అంది లోపలికి వెళ్లి.

అన్నయ్య చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "పాతబడిపోయింది. తీసుకెళ్లాల్సిన బండి నెలైనా రాలేదు. డ్రైనేజీలో పోస్తే ఏమవుతుందిలే అనుకున్నా."

"అక్కడ అన్నీ చచ్చిపోయాయి."

"పురుగులేగా."

"పురుగులే. అవి లేకపోతే మురుగు మురుగులాగే ఏట్లోకి పోతుంది. దిగువన ఆ నీళ్లు తాగేది మనుషులు. నువ్వే వచ్చి చెప్పు, అన్నయ్యా."

"షాపు మూయిస్తారు. ఆరుగురు పనివాళ్లున్నారు. నువ్వు ఈ వీధికి రాలేదనుకో."

"కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుందని నాకూ తెలుసు. రాయక తప్పదు."

అన్నయ్య పనివాళ్ల వైపు వెళ్లిపోయాడు.

కేంద్రానికి తిరిగొచ్చి రిపోర్టు రాయడానికి కూర్చుంది. యజమాని పేరూ రాసింది, చుట్టరికమూ రాసింది. సాయంత్రానికి వర్క్‌షాపుకు సీలు పడింది. వదిన ఫోన్ చేసి, "నీకు చేతులెలా వచ్చాయమ్మా?" అని మాత్రం అని పెట్టేసింది.

మర్నాడు పక్క ఊరి కేంద్రం నుంచి ట్యాంకరులో సూక్ష్మజీవులతో బతికున్న బురద వచ్చింది. కడిగిన తొట్టిలోకి దాన్ని దించడానికి మనుషులు చాలలేదు. అప్పుడు అన్నయ్య గేటులోంచి లోపలికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది.

"పేరు రాశావటగా."

"రాశాను."

"మంచి పని చేశావని మాత్రం అనను," అన్నాడు. "ఆ గొట్టం ఇటివ్వు."

మధ్యాహ్నందాకా ఇద్దరూ గొట్టం పట్టుకున్నారు. చివరికి అన్నయ్య అడిగాడు, "బతుకుతాయా?"

"గాలి అందితే బతుకుతాయి. వారాలు పడుతుంది."

పందొమ్మిదో రోజుకు మైక్రోస్కోపు కింద సందడి మొదలైంది. వర్క్‌షాపు తెరుచుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆరుగురిలో ఇద్దరు తిరిగి రాలేదు. వదిన ఆమెతో మళ్లీ మాట్లాడటానికి అంతకంటే ఎక్కువే పట్టింది.