విధవల మర

కెజయా మంట్ మొగుడు సముద్రంలో పోయాడని కబురొచ్చిన వారంలోనే సందులోని ఆడవాళ్లు ఆమెకి బట్టల మర తెచ్చిపెట్టారు. లండన్‌లో రోథర్‌హైత్ రేవు వెనకాల ఉన్న ఆ కాక్‌రిల్ సందులో అది పాత ఆనవాయితీ. ఓదార్చడానికి వాళ్లకి తీరిక లేదు. ఇల్లిల్లూ చందా ఎత్తి విధవకి మర ఇస్తారు.

మనిషి పొడవు చెక్క బల్ల, దాని మీద రెండు రూళ్లకర్రలు, వాటి మీద శవపేటికంత పెట్టె, పెట్టె నిండా రాళ్లు. ఉతికిన దుప్పట్లు రూళ్లకర్రలకి చుట్టి పిడి తిప్పితే, రాళ్లపెట్టె అటూ ఇటూ దొర్లి ముడతలు అణిచేస్తుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మూటలు తెచ్చి, నొక్కించుకుని, ఇంత చేతిలో పెట్టి పోతారు. మరని కదిలించాలంటే ముందు రాళ్లు తీసెయ్యాలి. ఆ రోజు ఇంటికొక ఆడది ఒడిలో రాళ్లు మోసుకొచ్చి పెట్టె నింపింది. చివరి రాయి ముసలి హన్నా పోకాక్ వేసింది. సందులో పుట్టేవాళ్లకి బొడ్డు కోసేదీ, పోయేవాళ్లకి కళ్లు మూసేదీ ఆవిడే. చందా ఎత్తిందీ ఆవిడే.

"ఇది నీది కాదమ్మాయ్, గుర్తుపెట్టుకో," అంది హన్నా చేతులు దులుపుకుంటూ. "సందుది. నువ్వు మళ్లీ మొగుణ్ణి కట్టుకున్నా, నువ్వే పోయినా, తర్వాతి విధవకి పోతుంది. ఇంట్లో మగాడుంటే మర ఉండదు."

"మళ్లీ మొగుడా! ఒక్కడితోనే తెల్లారింది నా బతుకు, పిన్నీ."

"రాణిగారికీ మొన్న మొగుడు పోయాడు కదే," అంది వెనకనుంచి ఎవరో. "పాపం, ఆవిడకి మర ఎవరిచ్చారో!"

అందరూ నవ్వారు. కెజయా కూడా నవ్వింది. ఆ సాయంత్రమే రేవు మెట్ల దగ్గరికి వెళ్లి, గోనెసంచులు కుట్టే సూదిని థేమ్స్‌లోకి విసిరేసి వచ్చింది.

ఆ సూదితో ఆమెకి పదేళ్ల పగ. చిన్నప్పుడు తాళ్ల కొట్టంలో తారు పట్టిన పాత తాళ్ల పీచు పీకేది. గోళ్లలో దిగిన తారు పెళ్లినాటికి కూడా వదల్లేదు. తర్వాత సంచులు. తడి గోనె వేళ్ల సందుల్ని కోసేది. నెత్తురు మరక పడిన సంచికి మేస్త్రీ కూలి కోసేవాడు. నెత్తురు ఎవరిదని అడిగేవాడు కాదు. మొగుడు ఆమోస్ బొగ్గు ఓడ దిగినప్పుడల్లా జీతం సారాకొట్లో దింపి ఇంటికొచ్చేవాడు కాబట్టి సంచులు ఆగలేదు. అన్నీ నేలమీద వంగి చేసే పనులే. మర దగ్గర మాత్రం నిలబడి చేసింది. ఎవరి చేతికిందా కాదు, తన గదిలోనే. మొదటి చలికాలానికి నడుము నిటారైంది. రెండో చలికాలానికి వేళ్ల పగుళ్లు మానాయి.

మూడో చలికాలం మొదట్లో, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆమోస్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. గడ్డం పెరిగింది. కోటు లోపల మనిషి సగమే ఉన్నాడు.

కెజయా పిడి వదల్లేదు. "బతికే ఉన్నావా?"

"చూస్తున్నావుగా. టీ ఉందా?"

"రెండేళ్లు ఎక్కడున్నావు?"

"ఓడ మునిగితే డెన్మార్క్ ఓడవాళ్లెవరో పైకి లాగారు. ఉత్తరాన హల్ రేవులో దింపారు." స్టూలు మీద కూలబడి దగ్గాడు. గుడ్డలో ఎర్రగా పడింది. "అక్కడ ఒకావిడ దగ్గరున్నా. సారాకొట్టు ఉందిలే ఆవిడకి."

"మరి అక్కడే చావకపోయావా?"

"ఈ దగ్గుకి కొట్టులోకి జనం రావట్లేదంది. మూట బయట పెట్టేసింది."

అతనికి సిగ్గు లేదు. వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

కెజయా తలుపు గడియ పెట్టింది. "నువ్వు చచ్చిపోయావు ఆమోస్. సందంతా నీ కోసం చందా ఇచ్చింది. ఈ మర ఆ చందాదే. నువ్వున్నావని తెలిస్తే ఇది పోతుంది. చచ్చినవాడివి చచ్చినట్టే ఉండు. ఎటైనా వెళ్లిపో."

"ఎటు పోను? నీ గడప దాకా రావడానికే దారిలో రెండుసార్లు కూర్చున్నా."

ఆమె అతన్ని వానలోకి తోసెయ్యలేకపోయింది. తోసినా గడప బయట పడతాడు, అందరూ చూస్తారు. గది మూలకి తాడు కట్టి, దుప్పటి వేలాడదీసి, దాని వెనక గడ్డిపరుపు వేసింది. నొక్కాల్సిన దుప్పట్లు గదినిండా వేలాడుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"ఎవరొచ్చినా కిక్కురుమనకు. దగ్గొస్తే నేను మర తిప్పినప్పుడు దగ్గు."

రాళ్ల మోతలో దగ్గు కలిసిపోయేది. రొట్టెకి పంది కొవ్వు రాసి తెర కిందనుంచి లోపలికి తోసేది. తినేవాడు, పడుకునేవాడు. కొన్నాళ్లు అలా గడిచింది.

అప్పుడు అదే సందులో ఉండే డోర్కస్ వైన్ మొగుడు పోయాడు. కలప రేవులో దుంగ జారి మీద పడింది. నలుగురు పిల్లలు. మర్నాడు హన్నా దుప్పట్ల మూటతో వచ్చింది.

"సందులో ఉన్నది ఒక్క మర," అంది, దుప్పటి అంచులు కెజయాతో కలిసి లాగుతూ. "ఇంకోదానికి చందా అడుగుదామంటే రేవులో పనుల్లేవు. డోర్కస్ సంచులు కుడుతూ పిల్లల్ని ఎలా సాకుతుందో ఏమో."

కెజయా దుప్పటి చుట్టి పిడి అందుకుంది.

"మొగుడంటే డోర్కస్ మొగుడే," అంది హన్నా మోతని మించి గొంతు పెంచి. "వాడికని అడిగితే జేబులో ఉన్నంతా ఇచ్చేవాళ్లు. మీ ఆమోస్‌కి చందా అడిగినప్పుడు ఏమన్నారో నీకు చెప్పనే లేదు కదూ? పెళ్లాం కోసమైతే ఇస్తాం, ఆ తాగుబోతు పేరెత్తకు అన్నారే అందరూ!"

కెజయా ఇంకా గట్టిగా తిప్పింది. "పోనీలే పిన్నీ. పోయినవాడి మాటెందుకు?"

"పోయాడు గనక నీకింత గంజి దొరికింది! బతికుండగా వాడు ఎవరికి పనికొచ్చాడు?"

మూల దుప్పటి తాడుతో సహా ఊడి కింద పడింది.

"ఏం కూశావే ముసలిదానా!" ఆమోస్ గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "నా పేరెత్తొద్దన్న మగాడెవడు? చెప్పు, ఎవడు వాడు?"

మర ఆగింది. హన్నా అరవలేదు. చాలా చావులు చూసిన మనిషి. "ఈ కళ్లు నేను మూసినవి కావు," అని మాత్రం అంది.

ఆమోస్‌కి దగ్గొచ్చి పరుపు మీద పడ్డాడు. అన్నాళ్లూ నోరు మూసుకుని పడున్నవాడు, తనని తిడితే ఒక్క క్షణం ఓర్చుకోలేకపోయాడు.

కెజయా హన్నా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, వాడెన్నాళ్లో ఉండడు, నువ్వే చూశావుగా. ఈ చలి దాటనీ. ఎవరికీ చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నిన్న వచ్చి చూసుంటే చెప్పకుండానే ఉండేదాన్ని." హన్నా స్టూలు మీద కూర్చుంది. ఒక్కసారిగా బాగా ముసలిదైపోయినట్టు కనిపించింది. "రాత్రి డోర్కస్ మొగుడి కళ్లు మూశానే. వాళ్ల చిన్నది నా గౌను వదల్లేదు. ఇప్పుడేం చెయ్యమంటావు?"

కెజయా హన్నా చెయ్యి వదిలేసింది.

హన్నా చెప్పడంతో మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లు వచ్చారు. అప్పుడు రాళ్లు వేసినవాళ్లే ఒక్కొక్క రాయి తీసి ఒడిలో వేసుకున్నారు. ఎవరూ నిష్ఠూరమాడలేదు. తిట్టి ఉంటే కెజయా తిరిగి తిట్టేది. ఒకామె పోతూ పోతూ రొట్టె ముక్క కూడా పెట్టి పోయింది. ఖాళీ పెట్టెని, బల్లని సందుకి అవతల డోర్కస్ గదికి మోసుకెళ్లారు. మర ఉన్నచోట నేల పలకలు తెల్లగా ఉన్నాయి.

"నేను వెళ్లిపోతాలే కెజయా," అన్నాడు ఆమోస్ పరుపు మీదనుంచి.

"ఇప్పుడెందుకు? పడుకో."

క్రిస్మస్ వెళ్లిన కొద్దిరోజులకి ఆమోస్ పోయాడు. హన్నా వచ్చి ఈసారి నిజంగానే కళ్లు మూసింది.

"ఇప్పుడు నేను నిజం విధవనే, పిన్నీ," అంది కెజయా.

"ఒకే మనిషి చావుకి రెండోసారి చందా ఎలా అడగనే? మొహం మీద నవ్వుతారు."

"డోర్కస్ మళ్లీ పెళ్లి చేసుకుంటే?"

"నలుగురు పిల్లల్నీ, ఆ రాళ్లపెట్టెనీ చూశాక ఎవడొస్తాడు దాని గడపలోకి?" హన్నా మొహం తిప్పుకుంది. "డోర్కస్‌కి ముప్పై నిండలేదు. చాలాకాలం బతుకుతుంది."

ఆమోస్ పోయినప్పుడు కప్పుకున్న దుప్పటి ఉతికి, ఆరేసి, కెజయా డోర్కస్ గదికి తీసుకెళ్లింది. తలుపు తీసి ఆమెని చూడగానే డోర్కస్ రెండడుగులు వెనక్కి వేసి మరకి అడ్డంగా నిలబడింది.

"నొక్కించుకోడానికొచ్చాను," అంది కెజయా.

డోర్కస్ ఊపిరి పీల్చుకుంది. దుప్పటిని వంకరగా చుట్టింది, అంచు మడత లోపలికి పోయింది. కెజయా చూసింది, చెప్పలేదు. ముడతలతోనే బయటికొచ్చిన దుప్పటిని మడిచి చంకన పెట్టుకుంది. డోర్కస్ డబ్బు తీసుకోలేదు. కిటికీ అరుగు మీద చెయ్యి పెట్టి ఏదో వెతికి తెచ్చింది.

"అక్కా, తప్పుగా అనుకోకు. నాకిక దీంతో పని లేదు. నీకేమైనా..."

గోనెసంచుల సూది. వాడి వాడి నున్నబడింది. మొన బాగానే ఉంది.

కెజయా దాన్ని తీసుకుని గౌను అంచుకి గుచ్చుకుంది.

"దారం సంచులతో పాటే ఇస్తున్నారా, మనమే కొనుక్కోవాలా ఇప్పుడు?" అని అడిగింది.