కుడిచేతి ఆట

"ఆటలయ్యాక ఆ శనగలు డబ్బాలో పోసెయ్యి తల్లీ, చీమలు పడతాయి," అంది రాజేశ్వరమ్మ, సోఫాలోంచి లేవకుండానే.

శనగలకి చీమలు పట్టవని అత్తగారికీ తెలుసు. ఆ మాటలో అసలు సంగతి చీమలు కాదు, ఆటలు. ప్రమోద మఫిన్లు కాల్చే ట్రేని మామగారి ముందుకు ఇంకాస్త జరిపింది. వామనగుంతల పీటకి పద్నాలుగు గుంటలుండాలి, ఈ ట్రేకి పన్నెండే. నార్త్ కరోలినాలోని ఈ కేరీ ఊళ్ళో పీట ఎక్కడ దొరుకుతుంది? ఉన్నవాటితోనే ఆట నడుస్తోంది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి చచ్చుబడ్డాక, మాట ముద్దగా అయిపోయాక, కోటేశ్వరరావు గారు ముఖం విప్పేది దీని ముందు కూర్చున్నప్పుడే. చిన్నప్పుడు అక్కల్ని ఓడించేవారట. మొదట్లో నిమ్మకాయ పట్టుకోవడానికే ఆయన వేళ్ళు వణికేవి. నిమ్మకాయల నుంచి రాజ్మా గింజలకి, రాజ్మా నుంచి శనగలకి వచ్చారు. కందులు తీయగలిగిన రోజున చొక్కా గుండీలు తనే పెట్టుకోగలరని ప్రమోద అంచనా. మనిషి మాత్రం గడుసువాడు. ఇలా తల తిప్పితే చాలు, ఎడమచేత్తో తీసేస్తారు. "ఆ చేత్తో తీస్తే ఆట చెల్లదు మామయ్యా" అంటే దొరికిపోయినట్టు నవ్వి కుడిచెయ్యి బల్ల మీదికి ఎత్తుతారు.

ఇదంతా ఆమె సొంత తెలివి కాదు, చదివిన చదువు. ఇక్కడికి రాకముందు ప్లేనో ఊళ్ళో ఉండగా ఓ వృద్ధుల హోమ్‌లో ఆటలూ పాటలూ నడిపే చిన్న ఉద్యోగం చేసింది. పాట పాడిస్తే పేరు గుర్తుకొచ్చిన ముసలమ్మనీ, బంతి విసిరిస్తే కాళ్ళ మీద నిలబడ్డ ఆయన్నీ అక్కడే చూసింది. దానికో శాస్త్రం ఉందనీ, దాన్ని రిక్రియేషనల్ థెరపీ అంటారనీ తెలుసుకుని మాస్టర్స్‌లో చేరింది. భర్త అవినాష్ స్నేహితులు పార్టీల్లో నవ్వేవారు. "తంబోలా ఆడించడానికి మాస్టర్సా అండీ?" అవినాష్ కూడా వాళ్ళతో కలిసి నవ్వి, "తనకీ ఏదో కాలక్షేపం ఉండాలి కదరా" అనేవాడు. అతని ఉద్యోగం మారి నార్త్ కరోలినా వచ్చాక తెలిసింది, ప్లేనోలో అడగని స్టేట్ లైసెన్స్ ఇక్కడ తప్పదని. అది లేనిదే ఆ పని చెయ్యడానికీ లేదు, ఆ పేరు పెట్టుకోవడానికీ లేదు. డిగ్రీ కోర్సులు అయిపోయాయి. లైసెన్స్ ఉన్న థెరపిస్టు కింద ఒక సెమిస్టర్ ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత పరీక్ష మిగిలాయి. ఆ ఇంటర్న్‌షిప్ సోమవారం మొదలు, ఓ రీహాబ్ హాస్పిటల్లో, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. వదులుకుంటే మళ్ళీ ఎప్పుడిస్తారో, అసలిస్తారో లేదో తెలియదు.

వారం నుంచీ ఇంట్లో ఆ ఊసు ఎత్తడానికే భయంగా ఉంది. వెళ్ళమని అవినాష్ అనడు, వద్దనీ అనడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అన్నట్టుంది వ్యవహారం. మామయ్య కోసం పగటిపూట మనిషిని మాట్లాడతానంటే "బయటివాళ్ళని ఇంట్లోకి తెస్తే నాన్నకి ఇబ్బంది" అన్నాడు. నువ్వు ఇంటి నుంచే పని చేస్తావు కదా అంటే "నాకు మీటింగ్స్ ఉంటాయి" అన్నాడు. పరీక్షకి చదువుకుంటున్నప్పుడు అత్తగారు పెసరట్టు వెయ్యమంటుంది. పుస్తకం మూసి పెసరట్టు వేసి, మళ్ళీ పుస్తకం తెరిస్తే చదివిందంతా మొదటికొస్తుంది. ఆ లెక్కన తను ఎన్నిసార్లు చదివిందో పైవాడికే ఎరుక. ఇంట్లో ఎవరూ అరవరు, కసరరు. అందుకే తన కోపాన్ని దేనికి తగిలించాలో ప్రమోదకి తెలిసేది కాదు. ఈ శనివారం డాక్టర్ యోగానంద్ గారిని భోజనానికి పిలుస్తున్నానని అవినాష్ చెప్పినప్పుడు, మామయ్యని చూపించడానికి కాబోలనుకుంది. పప్పుచారు, దొండకాయ వేపుడు, చికెన్, పరమాన్నం చేసి పెట్టింది. తనని ఇంట్లో కూర్చోబెట్టే భోజనం తనే వండుతున్నానని తెలియదు పాపం.

యోగానంద్ గారు ఎప్పుడో ఒంగోలు నుంచి వచ్చి స్థిరపడిన డాక్టరు, ఈ మధ్యే రిటైరయ్యారు. మంచి మనిషి. పరమాన్నం రెండోసారి వడ్డించుకుంటూ అన్నారు, "అవినాష్ చెప్పాడమ్మా నీ ఇంటర్న్‌షిప్ సంగతి. అంత దూరం ఏం పోతావు? ఇక్కడ మీ మామగారికి చేస్తున్నది థెరపీ కాదూ? హాస్పిటల్లో చేసేదానికి ఇదేం తక్కువ? ఆ గంటలన్నీ రాసిపెట్టు, నేను సూపర్‌వైజ్ చేశానని సంతకం పెడతాను."

"మన అంకులే కదా," అన్నాడు అవినాష్ తేలిగ్గా. "ఎవరడుగుతారు? నీకు లైసెన్సూ వస్తుంది, నాన్నకీ ఇబ్బంది ఉండదు."

ప్రమోద గరిటె గిన్నెలో పెట్టేసింది. థెరపీ. ఈ ఇంట్లో ఆ మాట వినాలని ఎంతకాలంగా ఎదురుచూసింది. నిమ్మకాయ నుంచి శనగల దాకా వచ్చినప్పుడు అత్తగారు "దేవుడి దయ" అంది. అవినాష్ "మందులు పనిచేస్తున్నాయి" అన్నాడు. ఇప్పుడు, సరిగ్గా తనని కదలకుండా చెయ్యాల్సి వచ్చినప్పుడు, అది థెరపీ అయింది. సిగ్గేమిటంటే, ఆ మాట వినగానే ఒక్క క్షణం మనసు చల్లబడింది కూడా. ఎంత దాహంతో ఉంటే ఇంత ఎంగిలి నీళ్ళు తియ్యగా అనిపిస్తాయి! తన మీద తనకే ఒళ్ళు మండింది. ఆ సంతకంతో వచ్చే కాగితం గోడకి తగిలించుకుని, దాని కింద ఇదే బల్ల దగ్గర జన్మంతా కూర్చోవాలి. అబద్ధమని తేలిందా, ఆ కాగితం కూడా మిగలదు.

"అంకుల్," అంది ప్రమోద. "సంతకం లైసెన్స్ ఉన్న రిక్రియేషనల్ థెరపిస్టు పెట్టాలి. మీరు డాక్టరు, చెల్లదు. కానీ ఒకటి అడుగుతాను. లైసెన్స్ లేకుండా వైద్యం చేసేవాళ్ళని మీరు ఒప్పుకుంటారా?"

"ఎలా ఒప్పుకుంటానమ్మా?"

"మరి నేను చేసేది థెరపీ అన్నారుగా. నాకింకా లైసెన్స్ లేదు. సోమవారం నుంచి మానేస్తాను."

యోగానంద్ గారు చెంచా కింద పెట్టారు. అవినాష్ ముఖం ఎర్రబడింది. "ఏంటి ప్రమోదా, ఇంట్లో చేసేదానికి లైసెన్సేంటి? ఆటలేగా అవి."

"అదే కదా," అంది రాజేశ్వరమ్మ. "శనగలతో ఆటలు."

సంతకానికి థెరపీ, మానేస్తానంటే ఆట. ప్రమోదకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఆటలే అయితే నువ్వు ఆడించు," అంది అవినాష్‌తో.

అత్తమామల ముందు ఆమె భర్తని ఏనాడూ 'నువ్వు' అనలేదు. గదిలో నువ్వు, హాల్లో మీరు. పెళ్ళైన నాటి నుంచీ అదే పద్ధతి. రాజేశ్వరమ్మ కోడలి వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. అవినాష్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"దీనికింత సీనెందుకు? ఆడిస్తాను. రా నాన్నా."

మఫిన్ ట్రే తెచ్చి శనగలు గుంటల్లో పోశాడు. తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చున్నారు. కోటేశ్వరరావు గారికి కొడుకు తనతో ఆడటమే పండగ. టకటకా గింజలు పంచుతున్నారు. అవినాష్ ఓ కన్ను ఫోన్ మీద వేసి తన వంతు వచ్చినప్పుడల్లా ఆడాడు. ప్రమోద సింక్ దగ్గర నిలబడి చూస్తోంది. నోటిదాకా వచ్చిన మాటని బలవంతాన ఆపుకుంది. ఇంత కష్టమైన పని ఈ ఇంట్లో ఆమె ఇంతవరకూ చెయ్యలేదు.

ఆట తొందరగానే అయిపోయింది. "నాన్నే గెలిచాడు," అన్నాడు అవినాష్, అందరి వైపూ చూస్తూ. "చూశారా, ఎంత స్పీడ్‌గా ఆడాడో. ఇందులో ఏముంది?"

"ఏ చేత్తో గెలిచారు?" అంది ప్రమోద.

అవినాష్‌కి ప్రశ్న అర్థం కాలేదు. తల్లి వైపు చూశాడు, ఆమెకీ అర్థం కాలేదు. యోగానంద్ గారు మాత్రం ఇప్పుడు బల్ల మీద కోటేశ్వరరావు గారి చేతుల కోసం చూస్తున్నారు. అక్కడ ఎడమచెయ్యి ఒక్కటే ఉంది. కోటేశ్వరరావు గారు దొరికిపోయినట్టు నవ్వబోయి, కోడలి ముఖం చూసి నవ్వలేకపోయారు. ఒళ్ళో పడి ఉన్న కుడిచేతిని నెమ్మదిగా, కష్టంగా ఎత్తి ట్రే పక్కన పెట్టారు. "చె...ల్లదు," అన్నారు కొడుకుతో.

ప్రమోద చేతులు తుడుచుకుని వచ్చి, గింజలన్నీ ఒక్కచోటికి చేర్చి అవినాష్ ముందు పోసింది.

"రేపొక్కరోజే ఉంది. కూర్చో, ఎలా ఆడించాలో నేర్పుతాను. సోమవారం నేనుండను."