వెనక గేటు పొయ్యి

మొగిలమ్మ రొట్టెల బండిని ట్రాక్టర్‌లోకి ఎత్తుతుంటే మేమంతా అక్కడే ఉన్నాం. యూనివర్సిటీ వెనక గేటు, పొద్దున టిఫిన్ల వేళ. మండుతున్న పొయ్యిలో బకెట్ నీళ్లు గుమ్మరించారు. సగం కాలిన జొన్నరొట్టె పెనం మీంచి జారి మురుగు మోరీలో పడింది.

"ఏం తప్పు జేసిన సారూ? చెప్పి గుంజుకపోన్రి!" మొగిలమ్మ ట్రాక్టర్ డబ్బా పట్టుకుని వదల్లేదు.

"నీ కూర తిని లేడీస్ హాస్టల్ పిల్లలు దవాఖానల పడ్డరు. కంప్లైంట్ వచ్చింది," అన్నాడు బండ్లు తీయించడానికొచ్చిన ఆఫీసరు.

"ఎవలు తిన్నరో తోలుకరాన్రి. నా మొకం మీద చెప్పమనున్రి!"

ఎవరూ రాలేదు. రోజూ ఆమె దగ్గర పచ్చిపులుసు అడిగి పోయించుకునేవాళ్లం కూడా కదల్లేదు. కూర నిజంగానే పాడైందేమో! అందరి మనసుల్లో అదే అనుమానం. ట్రాక్టర్ వెళ్లిపోయింది.

మా క్యాంపస్‌లో ఎక్కడ తినాలో సీనియర్లే చెప్పేవాళ్లు. మెస్సు పప్పు నీళ్లలాగుంటే మొగిలమ్మ రొట్టె తిను. సాయంత్రం కొమురెల్లి మిర్చీ బండి కాడికి పో. చేతిలో పైసలాడితే ఆటో ఎక్కి హనుమకొండ చౌరస్తా. అట్లా ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు తెలిసేది. ఇప్పుడు క్యాంపస్ లోపల అద్దాల తలుపుల కొత్త క్యాంటీన్ వెలిసింది. దాని కాంట్రాక్టర్ సారంగపాణి. హాస్టల్ మెస్సు కూడా అతనిదే. క్యాంటీన్ తెరవడమేంది, వెంటనే మొగిలమ్మ బండి పోవడమేంది? మధ్యాహ్నానికల్లా క్లాసుల్లో ఇదే గుసగుస.

అప్పుడే స్రవంతి దవాఖాన నుంచి తిరిగొచ్చింది. జబ్బుపడ్డ పిల్లల్లో ఆమె ఒకతి. రఘునాథపల్లి దగ్గర కూలి చేసుకునేవాళ్ల బిడ్డ, ఎమ్మెస్సీ చదువుతోంది. వచ్చి దిగింది ఎవరి కారులోంచి? సారంగపాణి కారులోంచి. అందరం చూశాం. రూమ్మేట్లు తమ మంచాలు వేరే మూలకు జరుపుకున్నారు.

సాయంత్రం కెమిస్ట్రీ బిల్డింగ్ వెనక చెట్ల కింద మీటింగ్ పెట్టాం. బండ్లవాళ్లు కూడా వచ్చారు. మొగిలమ్మ ఓ పక్కన నేల మీద కూర్చుంది. మొదట లేచింది కొమురెల్లి.

"మీటింగు సరే. కంప్లైంట్ ఇచ్చినోళ్లు మీ స్టూడెంట్లేనాయె. ఇయ్యాల మా పక్కన కూసుంటరు, రేపు ఏసీల కూసోని బిర్యానీ తింటరు. మిమ్ములనెట్ల నమ్మాలె?"

విద్యార్థి సంఘం నవీన్‌కు కోపమొచ్చింది. "గట్లనా అన్నా? మరి మొగిలమ్మక్క బండి లేపినోళ్లు పక్కనున్న నీ బండినెందుకు ముట్టలే? సారంగపాణితోని నువ్వేమన్న మాట్లాడుకున్నవా?"

"నోరు జర మంచిగ రానియ్! నీ అసుంటి లీడర్లను మస్తు మందిని చూసిన!"

కొమురెల్లి నవీన్ మీదికి పోయాడు. నలుగురు పట్టుకున్నారు. ఎవరో "ఇక్కడే మఫ్టీ పోలీసున్నడు" అన్నారు. అంతే, ప్రతివాడూ పక్కవాణ్ని ఎగాదిగా చూడటం మొదలుపెట్టాడు. గుంపు విడిపోయేదే.

"నేను మెస్సులనే తిన్న."

వెనక నిలబడి ఉంది స్రవంతి. మొహం ఇంకా పీక్కుపోయే ఉంది.

"డాక్టర్‌కు గదే చెప్పిన. సారంగపాణి మనిషి మధ్యల జొరవడి బండి మీద తిన్నదని చెప్పిండు. నోరు తెరిస్తే హాస్టల్ సీటు పోతదన్నడు. మా నాయినకు ఫోన్ జేసి బెదిరిచ్చిండు. మా నాయిన ఏడ్చిండు, ఊకోమన్నడు. ఊకున్న. వాని కార్లనే తెచ్చి దింపిన్రు."

"అబద్ధం! వాని కార్ల వచ్చింది. మనం ఏమనుకుంటానమో వినిపోను పంపిండు!" గుంపులోంచి ఒక కేక.

"నన్ను నమ్మకున్రి," అంది స్రవంతి. "దవాఖానకు పోయినోళ్లంత హాస్టల్‌నే ఉన్నరు. పోయి అడుగున్రి. అండ్ల అనూష ఇంటర్నల్స్ కోసమని గేటే దాటలే. బండి కూర ఎట్ల తిన్నదట?"

అమ్మాయిలు హాస్టల్‌కు పరుగెత్తారు. అనూషే నడవలేక నడిచి గ్రిల్ దాకా వచ్చింది. మెస్సు దోసకాయ కూర అప్పుడే పులిసిన వాసన కొట్టిందనీ, వంటాయనకు చెబితే తింటే తిను లేకపోతే లేదన్నాడనీ చెప్పింది. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే అదే మాట చెప్పారు.

నవీన్ కొమురెల్లి దగ్గరికి పోయి నిలబడ్డాడు. కొమురెల్లి జరిగి పక్కన చోటిచ్చాడు.

మొగిలమ్మ మాత్రం స్రవంతిని దగ్గరికి తీయలేదు. "నువ్వు ఊకున్నవ్ బిడ్డా, నా బండి పోయింది. ఇప్పుడు చెప్పినవ్, మంచిదే. రేపు అందరి ముంగట చెప్తవా?"

"చెప్త."

మర్నాడు మధ్యాహ్నం అద్దాల క్యాంటీన్ ముందు మొగిలమ్మ మూడు రాళ్లు పేర్చి పొయ్యి ముట్టించింది. మెస్సులోంచి ఖాళీ ప్లేట్లతో హాస్టళ్లన్నీ కదిలొచ్చాయి. ప్లేట్లు మోగుతుంటే క్యాంటీన్‌లో కూర్చున్నవాళ్లు కూడా లేచి బయటికొచ్చారు. సారంగపాణి పోలీసులతో వచ్చాడు.

"ఈ రొట్టె తిని ఎవలన్న సస్తే బాధ్యత ఎవలిది?" అని అరిచాడు.

స్రవంతి పెనం మీంచి రొట్టె తీసుకుని, కారం అద్దుకుని, అతని ఎదురుగా నిలబడి తిన్నది. "నన్ను దవాఖానల ఏసింది నీ మెస్సు కూర. అబద్ధం చెప్పుమన్నది నీ మనిషి. ఇగ నా సీటు తీసేపిస్తవా? తీపియ్!"

పోలీసులు ఆమెనూ మొగిలమ్మనూ వ్యాన్‌లోకి తోశారు. అడ్డం కూర్చున్నవాళ్లను ఈడ్చేశారు. నవీన్ మోచెయ్యి చీరుకుపోయింది. వ్యాన్ కదిలాక వెనక మిగిలిన ఒక పోలీసు బూటుకాలితో పొయ్యిని తన్ని పోయాడు. రాళ్లు చెల్లాచెదురయ్యాయి.

కొమురెల్లి ఆ రాళ్లు ఏరుకొచ్చి మళ్లీ పేర్చాడు. పిండి బేసిన్ చుట్టూ అమ్మాయిలు కూర్చున్నారు. జొన్నరొట్టె కొట్టడం చాలామందికి రాదు. అంచులు పగిలాయి, పెనం మీదికి చేరకముందే కొన్ని విరిగాయి. అయినా కొట్టారు.

క్యాంటీన్ మేడమీద ఒకడు ఫోన్‌తో మా మొహాలన్నీ వీడియో తీస్తున్నాడు. సారంగపాణి మనిషో, పోలీసు మనిషో, మా క్లాసువాడో! కొందరు చున్నీలు పైకి లాక్కున్నారు. అనూష తన చున్నీ తీసేసి తలెత్తింది.

"మంచిగ తీసుకో. నా పేరు గూడ చెప్తా, రాసుకో!"

ఒకరి తర్వాత ఒకరం అటు తిరిగాం.

పోలీస్ స్టేషన్‌కు పోదామని ఎవరో అన్నారు. ఎవరన్నారో, ఎందుకన్నారో ఈసారి ఎవరమూ వెతకలేదు. రొట్టెలు గుడ్డలో మూట కట్టుకుని అప్పటికే రోడ్డెక్కాం.