దొరగారి గుర్తింపు ఫోటో

నోటీసు లిఫ్టు తలుపు మీద అంటించారు. లిఫ్టు పాడై నెల దాటింది కాబట్టి అటువైపు ఎవరూ వెళ్లరు. అందరికీ తెలియజేశామని చెప్పుకోవడానికి అంతకంటే మంచి చోటు భవన సంఘానికి దొరకలేదు.

"పార్కింగులో తిరుగుచున్న పిల్లులు నెలాఖరున వ్యానులో పంపివేయబడును. పెంచుకొనదలచినవారు ఇంటి లోపల పెంచుకొనవచ్చును. అది పెంపుడు పిల్లియే అనుటకు రుజువుగా, యజమాని దానిని చేతులతో ఎత్తుకొని ఉన్న ఫోటో జతపరచవలెను."

కింద సెక్రటరీ సంతకం. సంతకం మీద ముద్ర. ముద్ర నిజమైనదే అనడానికి పక్కన ఇంకో సంతకం.

ఫోటోగ్రాఫర్ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఆ భవనంలో కింది వాటా ఆయనది. ముందుగది స్టూడియో, వెనక రెండు గదులు ఇల్లు. ముప్ఫై ఏళ్లుగా గుర్తింపు కార్డుల ఫోటోలు తీస్తున్నాడు. ఊళ్లో సగంమంది మొహాలు ఆయన చెప్పినట్టు గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టి, నవ్వు మింగేసినవే. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్ల జేబులో ఉంది. స్టూడియోకి క్రమం తప్పకుండా వచ్చే ప్రాణి ఒక్కటే మిగిలింది.

దాని పేరు దొర. బూడిదరంగు గండుపిల్లి. నోటీసులో పిల్లులు అని రాసినా, పార్కింగులో తిరిగేది అదొక్కటే. ఎడమ చెవి సగమే ఉంది, మిగతా సగం ఏ యుద్ధంలో పోయిందో తెలీదు. రోజూ తొమ్మిదింటికి షట్టరు లేవగానే మెట్టు పక్కన కూర్చుంటుంది. ఆయన డబ్బాలోంచి తీసిపెట్టిన చేపముక్క తింటుంది. పెట్టినవాడిని ఒకసారి అసహ్యంగా చూసి వెళ్లిపోతుంది. నాలుగేళ్ల స్నేహంలో ఒక్కసారి కూడా తాకనివ్వలేదు.

"పంపివేయడమంటే ఎక్కడికట?" అని అక్కని అడిగాడు.

అక్క ముప్ఫై రెండేళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరై తమ్ముడి ఇంట్లో ఉంటోంది. విచారణలో ఆమెకి తిరుగులేదు. "వ్యాను డ్రైవర్నే అడిగాన్రా. ఊరవతల పాత క్వారీ ఉందిగా, అక్కడ తలుపు తీసి తోలేస్తారట. దాని పేరు పునరావాసం. అక్కడ రాళ్లున్నాయి, ఊరకుక్కలున్నాయి. తిండి మాత్రం లేదు."

"దొర కుంటుతోంది అక్కా. వారం కూడా బతకదు."

"అయితే ఎత్తుకో. ఎత్తుకుని ఫోటో దిగు. నీ వృత్తే కదా!"

బోను అద్దెకి తెచ్చాడు. చేపముక్క లోపల పెట్టాడు. అరగంటలో దొర దొరికింది. ఫోటోగ్రాఫర్ విజయగర్వంతో బోనుని డార్క్‌రూమ్‌లోకి మోసుకెళ్లాడు. ఫిల్ము రోజులు పోయాక ఆ గది ఖాళీగానే ఉంది. కిటికీ లేదు, తలుపొక్కటే, పారిపోయే దారి లేదు. ఒకప్పుడు ఫోటోలు కడిగిన ట్రేలో ఇసక పోసి దొరకి మరుగుదొడ్డి ఏర్పాటు చేశాడు. ఎర్ర బల్బు వేశాడు. బోను తలుపెత్తాడు.

తర్వాత ఏం జరిగిందో ఆయనకి సరిగ్గా గుర్తులేదు. ఏదో బూడిదరంగు వస్తువు గోడల మీదుగా గదిని రెండుసార్లు చుట్టింది. మూడు సీసాలు పగిలాయి. ఆ వస్తువు సింకు కింద దూరింది. అక్కణ్ణుంచి వచ్చిన శబ్దం ప్రెషరు కుక్కరుకి కోపం వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"బాగా మచ్చికైంది," అంది అక్క తలుపు సందులోంచి.

మచ్చిక చేయడమెలాగో ఫోటోగ్రాఫర్ ఫోనులో చదివాడు. నేలమీద కూర్చోవాలి. కళ్లలోకి సూటిగా చూడకూడదు. నెమ్మదిగా రెప్పలు వాల్చి ఎత్తాలి. మెత్తగా మాట్లాడుతుండాలి. రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట ఆయన ఎర్ర వెలుతుర్లో చాప మీద కూర్చుని సింకు పైపుకి కళ్లు ఆర్పి చూపించాడు. ఏం మాట్లాడాలో తెలియక తనకొచ్చిన మాటలే మాట్లాడాడు.

"గడ్డం కొంచెం పైకి. అదీ. భుజాలు వదులుగా పెట్టండి. భయపడకండి, రెండు నిమిషాల్లో అయిపోతుంది."

"కస్టమరు నవ్విందా?" అని అక్క వంటింట్లోంచి అరిచేది.

పదో రోజుకి ఆయన గదిలో ఉండగానే దొర తినడం మొదలుపెట్టింది. పద్దెనిమిదో రోజున ఆయన వేలు వాసన చూసి, ఆ వాసన తన స్థాయికి తగదన్నట్టు మొహం తిప్పుకుంది. ఇరవై నాలుగో రోజున మాత్రం అద్భుతం జరిగింది. ఆయన చూపుడువేలు దొర నుదుటి మీద రెండు సెకన్లు ఆనింది. దొర కరవలేదు. ఆయన బయటికొచ్చి అక్కకి ఆ వేలు చూపించాడు. కళ్లు చెమర్చాయి.

అక్క కాగితం మీద లెక్క వేసింది. "ఇరవై నాలుగు రోజులకి ఒక వేలు. పది వేళ్లూ పడి నువ్వు ఎత్తుకునేసరికి ఎనిమిది నెలలు. గడువు ఆరు రోజులు. భేష్!"

ఇరవై ఎనిమిదో రోజున ఆయన గుండె దిటవు చేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. దిండుని ఎత్తుకుని తను దిగిన ఫోటో ఒకటి. తింటున్న దొర ఫోటో ఒకటి. దిండు తీసేశాడు, దొరని పెట్టాడు. నీడలు సరిచేశాడు, వెనక తెల్లరంగు వేశాడు. ముప్ఫై ఏళ్ల పనితనం! ఎవరూ పట్టుకోలేరు. నిశ్చింతగా సెక్రటరీకి పంపేశాడు.

ముప్ఫయ్యో రోజు పదకొండింటికి సెక్రటరీ ఫోటో పట్టుకుని స్టూడియోలోకొచ్చాడు. గేటు దగ్గర వ్యాను ఆగి ఉంది. దాని మీద నవ్వుతున్న పిల్లిబొమ్మ వేయించారు.

"ఫోటోగ్రాఫర్ గారూ, ఈ పిల్లి ఎవరిదండీ?"

"మాదే. దొర."

"దీనికి రెండు చెవులున్నాయే?"

ఫోటోగ్రాఫర్ ఫోటో అందుకుని చూశాడు. నిజమే. మొటిమ కనబడితే తీసేయడం, తెల్లవెంట్రుక కనబడితే నల్లబరచడం చేతికి అలవాటైపోయింది. సగం చెవి కనబడగానే ఆ చెయ్యి మిగతా సగాన్ని అతికించేసింది. పైగా చాలా అందంగా అతికించింది.

"అదీ... పెరిగింది," అన్నాడు.

"పోయినేడు పాస్‌పోర్టు ఫోటోలో నా పుట్టుమచ్చ కూడా మీరిలాగే మాయం చేశారు. విమానాశ్రయంలో నేను నేనే అని ఒప్పించడానికి గంటన్నర పట్టింది. అప్పణ్ణుంచీ మీ ఫోటోలు నేను భూతద్దం పెట్టి చూస్తున్నానండీ." సెక్రటరీ కుర్చీ లాక్కున్నాడు. "ఇప్పుడు నా కళ్లముందు ఎత్తుకోండి. ఫోటో నేనే తీస్తా. లేదంటే బోనులో పెట్టి ఇచ్చేయండి, వ్యాను వెయిటింగు."

"ఒరేయ్, దుప్పటి తీసుకెళ్లు, చుట్టేయొచ్చు," అంది అక్క. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"చేతులతో అని రాశామమ్మా. దుప్పటితో అని రాయలేదు," అన్నాడు సెక్రటరీ.

ఫోటోగ్రాఫర్ చొక్కా చేతులు మడిచాడు. మడవకపోతే బాగుండేదని తర్వాత తెలిసింది. డార్క్‌రూమ్‌లోకి వెళ్లి చాప మీద కూర్చున్నాడు. తలుపు దగ్గర ఫోను పట్టుకుని సెక్రటరీ, ఆయన వెనక అక్క. దొర సింకు కిందనుంచి తల బయటపెట్టింది. ఆయన రెప్పలు వాల్చాడు. వేలు నుదుటి మీద పెట్టాడు. ఒకటి, రెండు. రెండో చెయ్యి పొట్టకింద పోనిచ్చి ఎత్తేశాడు.

మొదటి రెండు సెకన్లు దొర కదల్లేదు. కూనగా ఉన్నప్పుడు తల్లి నోట కరుచుకుని ఎత్తాక మళ్లీ ఎవరూ ఎత్తలేదేమో, ఏం చేయాలో దానికీ తెలియలేదు. ఊహించినదానికంటే తేలిగ్గా ఉంది. గుండె మాత్రం ఆయన అరచేతిలో టపటపా కొట్టుకుంటోంది.

"తీయండి!" అన్నాడు గుసగుసగా.

"ఒక్క నిమిషం... ఇదేంటి, నా మొహం కనబడుతోందే?"

మూడో సెకనులో దొరకి ఏం చేయాలో తట్టింది. నాలుగు కాళ్లూ, ఉన్న పళ్లన్నీ పనిలోకి దిగాయి. ఫోటోగ్రాఫర్ మోచేతి దగ్గర వేడిగా ఏదో కారింది.

"కెమెరా తిప్పండి! ఆ గుండ్రంగా ఉన్న గుర్తు నొక్కండి!"

"నొక్కా. చీకటిగా ఉంది."

"లైటెయ్యి అక్కా! అడ్డంగా కాదండీ, ఫోను నిలువుగా... అబ్బా! నిలువుగా పట్టుకోండి! మీ వేలు అడ్డమొచ్చింది, వేలు తీయండి!"

"కదలకండి మరి," అన్నాడు సెక్రటరీ విసుగ్గా.

బయట వ్యాను తలుపు కిర్రుమంది. ఆ చప్పుడుకి పిల్లి ఒళ్లంతా బిగుసుకుంది, ఆయన చేతులూ బిగుసుకున్నాయి. ఫోను క్లిక్కుమంది. దొర ఆయన భుజం మీదుగా, సెక్రటరీ తల మీదుగా, అక్క కాళ్ల సందునుంచి ఇంట్లోకి మాయమైంది.

ఫోటో చూశారు. పక్కకి ఒరిగిపోయింది. ఒక మూల సెక్రటరీ బొటనవేలు. ఫోటోగ్రాఫర్ నోరు తెరిచి, కళ్లు మూసుకుని ఉన్నాడు. చొక్కాకి ఒక చెయ్యి లేదు. ఆయన చేతుల్లో పళ్లూ గోళ్లూ బయటపెట్టిన ఒక బంతి. బంతికి ఒకటిన్నర చెవులు.

ముప్ఫై ఏళ్లలో ఆ స్టూడియోలో అంత దరిద్రమైన ఫోటో ఎవరూ తీయలేదు.

సెక్రటరీ చెవులు లెక్కపెట్టుకున్నాడు. ఫారం తీసి రాసి, ముద్ర కొట్టి, సంతకం పెట్టి, పక్కన ఇంకో సంతకం పెట్టాడు. స్వభావం అన్నచోట 'సాధువు' అని రాశాడు. వ్యాను ఖాళీగా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆసుపత్రిలో నర్సు ఆయన రెండు చేతులూ కడిగి గాయాలు చూసింది. అంత పొడవు గీతలు చిరుతపులివేమోనని అనుమానపడింది. "పిల్లేనా? వీధిదా, పెంచుకున్నదా?"

ఫోటోగ్రాఫర్ జేబులోంచి ముద్ర ఉన్న కాగితం తీసి, గీతలు పడని రెండు వేళ్లతో బల్లమీద జాగ్రత్తగా పరిచాడు.

"అయితే ఇంజెక్షన్లు వేస్తూనే పది రోజులపాటు దాన్ని గమనించాలి. కళ్లముందే ఉండాలి, ఎక్కడికీ పోకూడదు. ఉంటుందా?"

"ఇప్పుడు బీరువా మీదుందమ్మా," అంది తోడుగా వచ్చిన అక్క. "కిందకి దిగమంటే మా ఇద్దర్నీ ఇల్లు ఖాళీ చేయమన్నట్టు చూస్తోంది. పోయే ఉద్దేశమైతే కనబళ్లేదు."

"ఉంటుంది," అన్నాడు ఫోటోగ్రాఫర్, సూదికోసం భుజం నర్సు వైపు తిప్పి. "ఇంట్లోనే ఉంటుంది."