శ్రీశైలమ్మ మోకాలు

శ్రీశైలమ్మ పిరికి మనిషి కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథ విన్నవాళ్లు ఆమెను తేలిగ్గా చూస్తారు. ఒకసారి నల్లమలలో గొర్రెల దొడ్డి మీదికి చిరుత వస్తే మొగుడు కాటమరాజు ఇంకా కర్ర వెతుక్కుంటూనే ఉన్నాడు, ఈమె మండుతున్న కట్టె పట్టుకుని దాన్ని కొండ మలుపు దాకా తరిమి వచ్చింది. అటువంటి మనిషి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం, తన మోకాలిని తానే చూసుకుని వణికిపోయింది.

వాళ్లది బేస్తవారిపేట దగ్గర ఒక పల్లె. ఊరంతటికీ ఒకటే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకోవాలి. ఆ నీళ్లు తాగినవాళ్లకు నారికురుపు రావడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. కాలి మీద మంటపుట్టించే పొక్కు లేస్తుంది. అది పగిలి తెల్లగా, సన్నగా, దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్నే నారి అంటారు. నారిని గబుక్కున లాగకూడదు. చీపురుపుల్లకు చుట్టి, రోజూ కాస్త కాస్తగా తిప్పుతూ తియ్యాలి. మధ్యలో తెగిందా, మిగిలిన ముక్క లోపలే కుళ్లి కాలంతా చీము పడుతుంది. ఈ పనిలో శ్రీశైలమ్మ అత్త అంకాలమ్మది పేరుమోసిన చెయ్యి. తర్లుపాడు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చి ఆమె ముందు కాలు చాపేవాళ్లు.

అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడిందంటారే, అట్లా అయింది ఆ ఇంట్లో. కోడలికి వచ్చిన నారి బయటికి రాకుండా మోకీల్లోకి పోయి అక్కడే చచ్చింది. మోకాలు తాటికాయంత వాచింది. అంకాలమ్మ చెయ్యి అక్కడ పనికిరాలేదు. కాటమరాజు పెళ్లాన్ని బండిలో పడుకోబెట్టి కంభం తీసుకుపోయి, అక్కడ రైలెక్కించి పెద్దాసుపత్రిలో చేర్పించాడు. డాక్టరు మోకాలు కోసి, చీము కడిగి, కుట్లు వేశాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రెండు సంగతులు చెప్పాడు. "రోజూ అరుగు మీద కూర్చుని కాలు కిందికి వేలాడేసి, కొంచెం కొంచెంగా మోకాలు వంచాలి. నొప్పి పుడితే పుట్టనీ. వంచకపోతే రోకలిబండలా బిగుసుకుపోతుంది" అన్నది మొదటిది. "మళ్లీ చీము పడితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యాలి" అన్నది రెండోది. రెండో మాటే శ్రీశైలమ్మ బుర్రలో దిగబడింది. ఎందుకంటే పక్క మంచం మీద పుష్పమ్మ అని ఒకామె ఉండేది. ఆలస్యంగా వచ్చింది. ఆమెకు తొడ దాకా కాలు తీసేశారు. దుప్పటి కింద ఒక కాలి ఎత్తు ఉండి, రెండో కాలి చోటు చదునుగా ఉండేది. శ్రీశైలమ్మ అటు తిరిగి పడుకోకూడదనుకునేది, కానీ కళ్లు అటే పోయేవి.

ఇంటికి వచ్చేసరికి చుట్టుపక్కల గడ్డి ఎండిపోయింది. మందను ఇక్కడే ఆపితే గొర్రెలు చస్తాయి. కాటమరాజు వాటిని తోలుకుని నల్లమలకు పోయాడు, వాన పడితేగానీ దిగడు. ఇంట్లో అత్తాకోడళ్లే మిగిలారు. అత్త నీళ్లు మోసేది. మిగతా పనంతా కోడలు కూర్చునే చేసుకునేది. పొయ్యి పక్కగా కాలు చాపుకుని సంగటి గెలికేది. పెరట్లో వంగమొక్కల మధ్య కూర్చుని, పిర్రల మీద జరుగుతూ కలుపు తీసేది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, పమిట కొంగు నోట్లో కుక్కుకుని మోకాలు వంచేది. నొప్పికి కళ్లు తిరిగేవి. అయినా కాలు రోజురోజుకూ కిందికి దిగుతోంది. ఈ లెక్కన వానలకు ముందే బావి మెట్లు దిగుతాననుకుంది.

ఒకనాటి పొద్దున బీరపందిరి కింద కూర్చుని గాయం కడుక్కుంటుంటే, కుట్ల మచ్చ కింది కొసన ఏదో తెల్లగా కనిపించింది. నలుసనుకుని గిల్లింది. రాలేదు. మెల్లిగా లాగింది. లాగుతుంటే ఆ లాగుడు లోపలెక్కడో మోకీల్లో తెలిసింది. శ్రీశైలమ్మ చెయ్యి అట్లాగే నిలిచిపోయింది.

"అత్తా, ఒకసారి ఇట్ల రా."

అంకాలమ్మ వచ్చి, ముక్కు గాయానికి తగిలేంత దగ్గరగా వంగి చూసింది. కళ్లు మసకలు కమ్మినా ఈ విషయంలో ఆమెకు అనుమానాలుండవు. "నారే. ఇంకోటి ఉండాది లోపల" అంది.

"కోసి కడిగినారు కదా అత్తా."

"ఒకదాన్నే చూసుంటారు. వీటికి లెక్కేంది?" అంటూ అప్పటికే ఆమె చీపురులోంచి సన్నటి పుల్ల విరిచింది. తెల్ల కొసను పుల్లకు చుట్టి, ఆకు వేసి, గుడ్డతో కట్టింది. "ఇంక కాలు కదిలియ్యొద్దు. వంచినావంటే తెగుతాది. తెగితే నా చేతిలో ఏం లేదు, నాయనా."

"రోజూ వంచమని డాక్టరు గట్టిగా చెప్పినాడు."

"నారి సంగతి ఆయనకు తెలుసునా, నాకు తెలుసునా? పోనీ, ఆసుపత్రికి పోదామా?"

శ్రీశైలమ్మకు చదునుగా ఉన్న దుప్పటి కళ్ల ముందు ఆడింది. "వద్దు" అంది. ఆ పూటే మోకాలి వెనక వెదురుబద్ద పెట్టి కట్టించుకుంది, నిద్రలో కూడా కాలు ముడుచుకోకుండా.

ఇక అక్కడి నుంచి ఆమె బతుకంతా ఆ పుల్ల చుట్టూ తిరిగింది. పొద్దున లేస్తే అత్త పుల్ల తిప్పడం, తిప్పుతుంటే ఈమె ఊపిరి బిగబట్టడం. నారి మాత్రం గోరంతైనా బయటికి రాదు. అంకాలమ్మ ముందు "మొండిది" అంది, తరవాత "ముసలిది" అంది, ఆ తరవాత ఇంకేమీ అనలేదు. అత్త నోరు మూసుకోవడమే కోడలిని అన్నిటికంటే భయపెట్టింది. అనుమానం పెనుభూతమంటారు. ఒంటరిగా కూర్చుంటే ఆ పురుగు లోపల చుట్ట విప్పుకుని తొడలోకి పాకుతున్నట్టుండేది. మాటిమాటికీ తొడ తడుముకునేది. కాస్త ఒళ్లు వెచ్చగా అనిపిస్తే చాలు, అత్త చేతిని తీసి నుదుటి మీద పెట్టుకునేది.

ఇరుగుపొరుగు అడిగితే "బాగుండాది, మానుతా ఉండాది" అని నవ్వి పంపేది. ఎవరికన్నా తెలిస్తే బలవంతంగా రైలెక్కిస్తారని దిగులు. వంగ విత్తనం ఏ ఉట్టిలో దాచిందో, బీరపాదుకు ఎప్పుడు బూడిద చల్లాలో అత్తకు ఊరికే చెప్పినట్టు చెప్పేది. అవి చావబోయే మనిషి అప్పగింతలని అంకాలమ్మకు అర్థమయ్యేది. "నోరు ముయ్యవే" అని కసిరి, పక్కకు పోయి ముక్కు చీదుకునేది. వాన పడుతుంది, మంద దిగుతుంది, గడపలో ఒంటికాలి పెళ్లాన్ని చూసి కాటమరాజు ఏం మాట్లాడతాడు? ఏమీ మాట్లాడడు, అదే ఆమె బాధ.

ఒక మధ్యాహ్నం ఎవరిదో మేకపోతు ముళ్లకంప తోసుకుని పెరట్లోకి జొరబడింది. వచ్చింది వచ్చినట్టు బీరతీగ మీద పడింది. ఆ తోట కోసం పిర్రలు అరగదీసుకున్న మనిషి ఊరుకుంటుందా? "ఛీ, పో" అంటూ కూర్చున్నచోటు నుంచే చిన్న పార పట్టుకుని ముందుకు దూకింది. మేక పారిపోయింది. శ్రీశైలమ్మ పందిరి గుంజ మీద పడింది. కాలి దగ్గర ఏదో చురుక్కుమంది. చూసుకుంటే గుడ్డ ఊడిపోయి ఉంది. పుల్ల పందిరి కంపకు వేలాడుతోంది. గాయంలో తెల్ల కొస లేదు. అక్కడ ఒక చుక్క రక్తం మాత్రం ఉంది.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. అంకాలమ్మ కడవతో వచ్చి చూసి, కడవ దింపి పక్కనే నేల మీద కూలబడింది.

"తెగిందా?"

"తెగింది."

శ్రీశైలమ్మ కళ్లు తుడుచుకుని అంది. "పుష్పమ్మ ఆలస్యం చేసింది అత్తా. నేను చెయ్యను. బండి కట్టించు. ముందు బేస్తవారిపేట కాంపౌండరుకు చూపిచ్చుకుందాం. కాలు తియ్యాలంటే తియ్యనీ. ఈ భయంతో రోజూ చచ్చేకంటే అదే నయం."

పుల్లను ఆముదపాకులో చుట్టి వెంట తీసుకుపోయారు. కాంపౌండరు నరసింహం నడివయసు మనిషి, అన్నిటికీ విసుక్కుంటాడు. గాయం నొక్కి చూశాడు. చీము లేదు. జ్వరం చూశాడు. అదీ లేదు. "ఏదీ, మీ నారి" అని ఆకు విప్పి, పుల్ల నుంచి దాన్ని విడదీసి, గిన్నెలో నీళ్లుపోసి కడిగాడు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి రెండు కొసలూ పట్టుకుని గట్టిగా లాగాడు. తెగలేదు. ఆయన మీసాలు కదలడం మొదలుపెట్టాయి.

"అవ్వా, నువ్వు ఊరందరికీ నారి తీసినదానివి కదా. ఏ నారి కొసనన్నా ముడి చూసినావా?"

అంకాలమ్మకు అర్థం కాలేదు. ఆయన దాన్ని ఆమె అరచేతిలో పెట్టి, వేలితో ఆ ముడి తడిమించాడు. "ఇది పట్టుదారం. లోపల వేసిన కుట్టు. ఒక్కోసారి ఇట్ల పైకి తేలి వస్తాది. పురుగులు ముళ్లేసుకుంటాయా తల్లీ?"

పాము కరిచినవాడికి తాడును చూసినా భయమే కదా. శ్రీశైలమ్మకు ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. రెండూ కలిసి వచ్చి ఒళ్లంతా అదిరింది. నారి లేదు. కాలు పోదు. ఇన్నాళ్లూ ఒక దారానికి భయపడి దేవుడికి మొక్కుకుంది.

"సరేగానీ, మోకాలు వంచు" అన్నాడు నరసింహం.

వంచబోయింది. వంగలేదు. ఆయన మడమ పట్టుకుని కిందికి అదిమాడు. కొయ్యను అదిమినట్టుంది. మీసాల కింద నవ్వు పోయింది.

"ఎప్పట్నుంచి వంచలేదు?"

శ్రీశైలమ్మ అత్త వైపు చూసింది. అత్త నేల వైపు చూసింది. "పుల్ల చుట్టినప్పట్నుంచి" అంది శ్రీశైలమ్మ.

ఆయన ఈసారి విసుక్కోలేదు. విసుక్కున్నా బాగుండేది. "ఇంటికి పోయి ఈ పూటే మొదలుపెట్టండి. వంగిందంటే వంగినట్టు. బిగుసుకుందంటే జన్మంతా ఇంతే. నేనేం మాటియ్యలేను" అన్నాడు.

దారిపొడుగునా బండిలో శ్రీశైలమ్మ కాలు తెడ్డులా బయటికి చాచుకునే ఉంది. లేని పురుగుకు భయపడి ఉన్న కాలిని పోగొట్టుకుంటున్నానా అని దాన్నే చూసుకుంది.

ఇంటికి చేరగానే శ్రీశైలమ్మ అరుగెక్కి కూర్చుంది. వెదురుబద్ద తీసి పొయ్యిలో పెట్టమంది. అంకాలమ్మ కింద చతికిలబడి కోడలి మడమ పట్టుకుంది. పట్టుకున్నదల్లా మళ్లీ వదిలేసింది.

"నావల్ల కాదు శ్రీశైలా. పాడు చేసిందాన్ని నేనే. మళ్లీ నన్నే పట్టుకోమంటావా? విరిగితే?"

"నీ చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ నాకు వద్దు. పట్టు."

అంకాలమ్మ పళ్లు బిగించి మడమను కిందికి లాగింది. మోకీల్లో టక్‌మని చప్పుడైంది. ఇద్దరికీ వినబడింది. అత్త చేతులు వదిలేసి మొహం కప్పుకుంది. శ్రీశైలమ్మకు కళ్లు చీకట్లు కమ్మాయి. కాసేపటికి చూపు నిలిచింది. కిందికి చూసుకుంది. కాలు ఇందాకటిలా చాచుకుని లేదు. వెంట్రుకవాసి కిందికి దిగి, అక్కడ వేలాడుతోంది.

"అత్తా, విరగలేదు. ఇంకొంచెం వంచు."

"ఏడుస్తా ఉండావు కదే."

"ఏడిస్తే ఏడవనీ. నువ్వు మాత్రం వదలొద్దు."