ఏ చుక్క, మాస్టారూ?

నాకు ముక్కు మీద కోపం అంటారు మా ఇంట్లో. అబద్ధం. ముక్కు దాకా రావడానికైనా కాస్త సమయం పడుతుంది కదా, నాకు అదీ పట్టదు. అలాంటిదాన్ని ఊడిపోయిన కర్టెన్ సరిచేద్దామని స్టూలెక్కి, స్టూలు ఒకవైపు నేనొకవైపు పడి, కాలు విరగ్గొట్టుకుని, పిండికట్టుతో మంచం మీద కూర్చుంటే ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. మా అత్తయ్య అయితే గదిలోకి వచ్చే ముందు తలుపు దగ్గర నిలబడి, "ఇప్పుడు రావచ్చా, కాసేపాగి రానా?" అని అడిగి మరీ వస్తోంది.

నేను పుస్తకాలు అచ్చువేసే చోట పేజీలు కడతాను. రచయితలు రాసి పడేసినదాన్ని కంప్యూటర్‌లో పేజీలుగా పేర్చి, బొమ్మలు ఇరికించి, అచ్చుకు పంపేది నేనే. ఆ పని జరిగే మిషను మా ఆఫీసులో ఒక్కటే ఉంది. అక్షరాల ఫాంట్లన్నీ దాంట్లోనే ఉన్నాయి కాబట్టి ఇంటికి తెచ్చుకోవడం కుదరదు. ఆ పొద్దున మేనేజరు ఫోన్ చేసి, కాలు ఎలా ఉందని అడిగి, నేను చెప్పేది సగం విని, అసలు సంగతి చెప్పారు.

"ఇంటి నుంచే ఇక్కడి మిషన్ని నడిపించవచ్చట కదా. సాయంత్రం నేను బయట పని చూసుకుని వచ్చేసరికి అది మీరు చేసి చూపించండి. దాని ముందు ఎవరూ కాపలా కూర్చోకూడదు సుమండీ. కుదిరిందా, కాలు అతికేదాకా హాయిగా ఇంటి నుంచే చేసుకోండి. కుదరలేదా, రేపటి నుంచి ఆ కుర్చీలో వేరే మనిషిని కూర్చోబెడతాను. ఏమీ అనుకోకండి, కొన్నాళ్లకే."

కొన్నాళ్లకేనట! నేనూ ఆ కుర్చీలోకి అలా వచ్చినదాన్నే. ఎవరో పురుటికి వెళితే కొన్నాళ్లకని కూర్చున్నాను. పాపం ఆవిడ మళ్లీ వచ్చి చూస్తే నేను లేవలేదు, నన్నెవరూ లేవమననూ లేదు. కాబట్టి కొన్నాళ్లంటే ఎన్నాళ్లో నాకెవరూ చెప్పక్కర్లేదు.

సరే, ఇంట్లో లాప్‌టాప్ ఉంది. దూరంగా ఉన్న కంప్యూటర్ తెరని ఇక్కడ చూపించి, ఇక్కడి మౌస్‌తో అక్కడ పని చేయనిచ్చే ప్రోగ్రాం ఒకటి దొరికింది. అటువైపు కూడా ఒకరు అదే ప్రోగ్రాం పెట్టి, దానికొక నంబరు వస్తుంది, ఆ నంబరు నాకు చెప్పి, ఒక పాస్‌వర్డు పెడితే చాలు. పిల్ల చేష్ట. కానీ ఆ రోజు ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క మనిషి మాస్టారు.

మాస్టారు మా ప్రూఫ్‌రీడరు. తప్పు కనబడితే ఆయనకు ఒళ్లు తెలియదు. క్యాంటీన్ గోడ మీది ధరల బోర్డుకి కూడా ఎర్ర పెన్నుతో దిద్దుబాట్లు చేసిన ఘనుడు. నన్ను "తప్పుల తల్లీ" అని పిలుస్తారు. ఆ బిరుదు నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే వచ్చింది. ప్రతి వాక్యం చివరా చుక్క ఉండాలని ప్రూఫు మీద రాసి పంపారు. నేను పని నేర్చుకున్న చోట చుక్క అంటే ఆకాశంలో చుక్కే, అంటే కింద వివరణ ఉందని చెప్పడానికి మాట పక్కన పెట్టే నక్షత్రం గుర్తు. అధ్యాయం పొడుగునా వాక్యానికో నక్షత్రం పెట్టి ఇచ్చాను. ఆయన ఆ పేజీల్ని కిటికీ వెలుతురులో పట్టుకుని, "పుస్తకం అడిగితే ఆకాశం ఇచ్చావేమిటి తల్లీ!" అన్నారు. ఆఫీసంతా నవ్వింది. నేను ఊరుకుంటానా? ఆయనా నేనూ గొంతులు పోయేదాకా వాదించుకుని, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఫుల్‌స్టాప్‌ని ఫుల్‌స్టాప్ అనే అనాలి, చుక్క అంటే నక్షత్రమే. అప్పటి నుంచీ ఆయన ఆ మాట తప్పలేదు. ఫుల్‌స్టాప్ అన్నప్పుడల్లా మొహం మాత్రం చేదు మందు మింగినట్టు పెట్టేవారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాస్టారి మేనకోడలు పేజీలు కట్టడం నేర్చుకుందని, ఉద్యోగం వెతుక్కుంటోందని ఈమధ్యే బైండింగు వాళ్లు చెప్పుకుంటుంటే నా చెవిన పడింది.

"మాస్టారూ, నంబరు వచ్చిందా తెర మీద?" అన్నాను ఫోన్ స్పీకర్లో పెట్టి.

"వచ్చిందమ్మా. రాసుకో. నలభై మూడు కోట్ల పన్నెండు లక్షల ఏడు వేల ఐదు వందల ఎనభై ఆరు."

అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఎవరికే అన్ని కోట్లు?"

"ఎవరికీ కాదు అత్తయ్యా, అది కంప్యూటర్ నంబరు. మాస్టారూ, ఒక్కో అంకె విడివిడిగా చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

"అంకెలు పక్కపక్కన ఉంటే దాన్ని సంఖ్య అంటారమ్మా. సంఖ్యని సంఖ్యలాగే చదవాలి," అన్నారు, కానీ చెప్పారు. నేను నంబరు కొట్టేలోపు అక్కడ మిషను నిద్రలోకి జారుకుంది. తెర నల్లబడింది, చచ్చిపోయిందేమోనని ఆయన ఒకటే కంగారు. చావలేదు, నిద్రపోయింది, మౌస్ కదిపి లేపండి అన్నాను. అది నిద్రపోకుండా చేసే సెట్టింగు ఎక్కడుందో చెప్పి మార్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"త్వరగా కానీయమ్మా, మోకాళ్లు పీకుతున్నాయి," అన్నారు మధ్యలో.

"కూర్చుని చేయొచ్చుగా! ఎవరు నిలబడమన్నారు?"

"పర్లేదులే, కానీ."

ఇక పాస్‌వర్డు. ఏదో ఒకటి పెట్టండి, కానీ ఆ మాట పైకి మాత్రం అనకండి, అక్షరాలు ఒక్కొక్కటే చెప్పండి అన్నాను. భద్రత కదా! ఆయన చాలాసేపు ఆలోచించారు. ఒక్క వేలితో మీటలు వెతుక్కుంటూ కొట్టడం నాకు ఫోన్‌లో టక్, టక్ మని వినబడుతూనే ఉంది. "ఆఁ, పెట్టాను. కొట్టుకో," అని మొదలుపెట్టారు. "అన్నీ చిన్న అక్షరాలే. కె. కామాకి వచ్చే కె. యు. ఉత్తరానికి వచ్చే యు. ఆర్. రంపం..." ఇలా ప్రతి అక్షరానికీ ఒక పాఠం. మధ్యలో "ఇక్కడ రెండు ఈలు" అన్నారు. ఈల ఎందుకు వేయడం అనుకుని అడిగితే, "ఈల కాదు తల్లీ, ఈలు. ఈ, ఈ," అని కసిరారు. ఆఖర్న "చుక్క" అని ముగించారు.

నేనేం కొట్టినా తెర మీది పాస్‌వర్డు పెట్టెలో నల్లటి గుండ్లే పడుతున్నాయి. మొత్తం కొట్టి ఎంటర్ నొక్కాను. పాస్‌వర్డు తప్పు అంది. మళ్లీ చెప్పించుకుని మళ్లీ కొట్టాను. తప్పు. మూడోసారి కూడా తప్పే. నా ఒళ్లు మండిపోయింది.

"మీరే ఏదో తప్పు కొట్టి ఉంటారు మాస్టారూ."

"నేనా? తప్పా?" ఆ గొంతు వింటే నేనాయన వంశాన్ని తిట్టాననుకుంటారు.

"సరే, అసలు ఆ మాటేమిటో చెప్పండి."

"పైకి అనొద్దని నువ్వే అన్నావుగా."

"పోనీ మార్చేయండి. వేరేది పెట్టండి."

"మార్చను," అన్నారు.

"ఎందుకు మార్చరు?"

"అది సరిగ్గానే ఉంది కాబట్టి."

అంతే, నాకు చిర్రెత్తుకొచ్చింది. సాయంత్రం ముంచుకొస్తోంది. మేనేజరు ఏ నిమిషంలోనైనా వస్తారు. ఈయనేమో ఒక్క మాట మార్చడానికి మొరాయిస్తున్నారు. ఎందుకు మారుస్తారు? నాకు మిషను కలవకపోతే ఎవరికి లాభం? ఆ ఆలోచన వచ్చిన మరుక్షణం నోట్లోంచి కూడా వచ్చేసింది. అదే కదా నా రోగం.

"నాకు తెలుసు లెండి! మీ మేనకోడల్ని నా కుర్చీలో కూర్చోబెట్టాలని చూస్తున్నారు. అందుకే ఈ నాటకమంతా!"

అటువైపు పెన్నుకి మూత పెట్టిన చప్పుడు వినబడింది.

"మరొక్కసారి కొట్టి చూడమ్మా, నిదానంగా," అన్నారు మాస్టారు. ఫోన్ పెట్టేశారు.

నిదానంగానా! ఆవేశంగానే కొట్టాను. తప్పు అని చెప్పి ఊరుకోకుండా, చాలాసార్లు తప్పు కొట్టారు కాబట్టి కాసేపు ఆగి ప్రయత్నించండి అని పెట్టె మూసుకుపోయింది. పట్టపగలే చుక్కలు కనబడ్డాయి. కొంప మునిగిందని అర్థమైంది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ కలిసి వస్తే నేను దిండుని కొడతాను, కొట్టాను.

అత్తయ్య కాఫీ పట్టుకుని లోపలికొచ్చింది. రావచ్చా అని అడగలేదు. అంటే నా మొహం అంత ఘోరంగా ఉందన్నమాట. మంచం అంచున కూర్చుని తెర వంక చూసింది.

"మళ్లీ తెరుచుకుందే నీ పెట్టె. కొట్టు."

అక్షరాలు నాకు ఎప్పుడో కంఠతా వచ్చేశాయి. వరసగా కొట్టాను. నల్లటి గుండ్లు వరసగా పడ్డాయి.

"ఏం కొడుతున్నావో నీకే కనబడకపోతే ఎలాగే? పక్కన ఆ కన్ను బొమ్మ ఏమిటి?" అంటూ అత్తయ్య తెర మీద వేలు పెట్టింది.

నేను మౌస్ అక్కడికి తీసుకెళ్లి నొక్కాను. గుండ్లు పోయి అక్షరాలు బయటపడ్డాయి. ఇంగ్లీషు అక్షరాలే, మాటలు మాత్రం మనవి. అత్తయ్య కళ్లజోడు పైకి తోసుకుని, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"కు...ర్చీ... నీ...దే. కుర్చీ నీదే! మరి చివర ఆ నక్షత్రం ఏమిటే, ఎబ్బెట్టుగా?"

గంట నుంచీ ఆ అక్షరాలు నా వేళ్ల మీదుగానే పోతున్నాయి. ఒక్కసారైనా కలిపి చదివిన పాపాన పోలేదు. మారిస్తే ఇంకేం పెడతారాయన? "సరిగ్గానే ఉంది కాబట్టి" అన్నారు మహానుభావుడు. సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగా.

అప్పుడు నాకు వెలిగింది. అది ఉత్త మాట కాదు, వాక్యం. ఆయన వాక్యం రాసి, చివర ఏం పెట్టకుండా వదులుతారా? ప్రాణం పోయినా వదలరు. మనసులోది రాసేటప్పుడు మా ఒప్పందం సంగతి మర్చిపోయి, పుట్టినప్పటి నుంచీ అలవాటైన మాటే అనేశారు, చుక్క అని. నేనేమో ఒప్పందం ప్రకారం బుద్ధిగా నక్షత్రం పెట్టాను.

నక్షత్రం తుడిచేసి ఫుల్‌స్టాప్ పెట్టి, ఎంటర్ నొక్కాను.

తెర ఒకసారి మినుకుమని, నా మిషను నా మంచం మీద ప్రత్యక్షమైంది. నేను సగంలో వదిలేసిన పేజీ, ఒక పక్కకి ఒరిగిపోయిన బొమ్మ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. "వచ్చేసింది అత్తయ్యా!" అని అరిచి కాలు కదిపాను. ఆ నొప్పికి ఇంకోసారి అరిచాను. బొమ్మని పట్టుకుని సరిగ్గా జరుపుతుండగా ఫోన్ మోగింది. మేనేజరు.

"భలే ఉందండీ! మీ మిషన్లో బొమ్మ తనంతట తనే జరుగుతోంది. సరే, అన్న మాట ప్రకారం ఇంటి నుంచే కానివ్వండి. కానీ ఈ మాస్టారికి ఏమైందండీ? మధ్యాహ్నం నుంచీ ఈ మిషను దగ్గర నిలబడే ఉన్నారట. మోకాళ్లు పట్టుకుని మూలుగుతున్నారు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చోండి మాస్టారూ అంటే వినరే! అందులో మనిషి ఉంది అంటారు."

మేనేజరు ఫోన్ పెట్టేశారు. మాస్టారికి ఫోన్ చేద్దామంటే మొహం చెల్లలేదు. చివరికి ఆ మిషన్లోనే కొత్త పేజీ తెరిచి, ఆయన కళ్లజోడు లేకుండా కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో కొట్టాను: క్షమించండి మాస్టారూ, నోరు జారాను

నేను మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. తెర మీద బాణం మాత్రం కదిలింది. అటు వెళ్లింది, ఇటు వెళ్లింది, ఒకసారి తెర అంచుకి పోయి కనబడకుండా పోయింది, మళ్లీ వచ్చింది. నా వాక్యం మీదుగా మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా నడిచి, "జారాను" పక్కన ఆగింది. ఆ తర్వాత కాసేపు ఏమీ జరగలేదు. మీట ఎక్కడుందో వెతుక్కుంటున్నారన్నమాట.

"ఏం చేస్తున్నారే ఆయన?" అంది అత్తయ్య.

"ప్రూఫు చూస్తున్నారు అత్తయ్యా."

నా వాక్యం చివర ఒక చుక్క పడింది. ఫుల్‌స్టాపే.