గౌతమి ఎత్తుకున్న బిడ్డ

కృష్ణకుమారి ఆంటీ ఒక్కసారి పట్టు పట్టిందంటే ఇక అమెరికాలోని ఆష్‌బర్న్ తెలుగువాళ్లలో ఎవరి మాటా చెల్లదు. బుద్ధపూర్ణిమకి పిల్లలతో నాటకం వేయిస్తూ చివరి సీన్ ఎగరగొట్టేసింది.

"శుభమా అని బిడ్డ పుడుతుంటే చావేంటమ్మా? లుంబినిలో మాయాదేవి బిడ్డని కంటుంది, పిల్లాడు ఏడడుగులు వేస్తాడు, చప్పట్లు, భోజనాలు. అంతే!"

త్రివేణి తలూపింది కానీ మనసు చివుక్కుమంది. ఆ పోయిన సీన్ అవనిది మరి! ఏడో రోజు మాయాదేవి కన్నుమూస్తే, బిడ్డని ఎత్తుకునే చెల్లెలు గౌతమి వేషం దానిది. ఇప్పుడిక విసనకర్ర పట్టుకుని మూల నిలబడాలి.

అవని త్రివేణికి అక్క కూతురు. పదకొండు నెలల పిల్లప్పుడు అక్క పోతే చంకనేసుకుంది. పన్నెండేళ్లుగా జ్వరాలూ, లంచ్ బాక్సులూ, స్విమ్మింగ్ క్లాసులూ అన్నీ తనే చూసింది. అయినా ఎవరడిగినా "అవని వాళ్ల పిన్నినండీ" అనే చెప్పేది. అమ్మనంటే అక్క చోటు కాజేసినట్టవుతుందని భయం. పిచ్చి భయమే, కానీ పోదే!

ఆదివారం కమ్యూనిటీ హాలు కిటకిటలాడింది. మాయాదేవి అట్టతో చేసిన చెట్టుకొమ్మ పట్టుకుంది. బొమ్మ పుట్టింది, దాని చేత ఏడడుగులూ వేయించారు. చప్పట్లు మోగాయి. తెర లాగబోతుండగా అవని కదిలింది. విసనకర్ర కింద పెట్టి, మాయాదేవి చేతుల్లోంచి బొమ్మని తీసుకుని మైక్ దగ్గరికొచ్చింది.

"వెయిట్, స్టోరీ అయిపోలేదు. ఏడో రోజు మా అక్క చనిపోయింది. ఈ బాబుకి పాలు నేను ఇచ్చాను. ఫీవర్ వస్తే నిద్ర మానేశాను. పుట్టగానే సెవెన్ స్టెప్స్ వేశాడు, ఓకే. మిగతావన్నీ నేను నేర్పించాను!"

ఆ తర్వాత మోగాయి చూడండి చప్పట్లు, పైకప్పు ఎగిరిపోయేలా! కృష్ణకుమారి ఆంటీ కోప్పడడం మర్చిపోయి పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

ఈ మధ్యే ఊళ్లోకి వచ్చిన పక్క సీటావిడ త్రివేణిని మోచేత్తో పొడిచింది. "అబ్బ, ఏం పిల్లండీ! ఎవరమ్మాయి?"

అలవాటు కొద్దీ పిన్ని అనే మాట పెదాల దాకా వచ్చింది. స్టేజీ మీద బొమ్మని భుజాన వేసుకుని జోకొడుతూ, అవని తన వంకే చూస్తోంది.

"నా కూతురండీ," అంది త్రివేణి, ముందు వరస దాకా వినపడేలా.